ఇల్లు కాలకముందే నుయ్యి



"ఇల్లు కాలినప్పుడు నుయ్యి తవ్వినట్లు" అని మన పెద్దవాళ్లు అంటూ వుంటారు. ఎన్నిసార్లు విన్నా ఆ మాట మనకి కాదు, పక్కింటివాళ్లకే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఓ రాత్రి ఆ నుయ్యి నేనే తవ్వవలసి వచ్చింది. అందుకే ఈవేళ వంటా వార్పూ పక్కనపెట్టి, ఇంట్లో కరెంటు ఇబ్బంది వస్తే ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి అన్న విషయం మీతో ముచ్చటిద్దామని వచ్చాను.

మాది విశాఖపట్నం. మూడేళ్ల కిందట కార్తీకమాసంలో వాయుగుండం పట్టి రెండు రోజులుగా ఒకటే ముసురు. మావారు క్యాంపుకి వెళ్లారు. అత్తయ్యగారు మంచం దిగలేని స్థితిలో వున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి టక్కుమని ఇల్లంతా చీకటైపోయింది. కిటికీలోంచి చూస్తే వీధిలో అందరి ఇళ్లలోనూ దీపాలున్నాయి. బోర్డు దగ్గరికి వెళ్లి, కిందికి పడిన స్విచ్చి పైకెత్తాను. మళ్లీ పడిపోయింది. ఇంకోసారి ఎత్తాను. మళ్లీ అంతే.

సెల్‌ఫోనులో వెతికితే మొదట కనిపించిన నంబరుకి చేశాను. "అరగంటలో మనిషి వస్తాడు మేడమ్, ముందు 500 రూపాయలు పంపండి" అన్నాడు. పంపాను. గంట గడిచినా మనిషి రాలేదు, ఆ ఫోనూ మళ్లీ పలకలేదు. చివరికి మా వాచ్‌మన్ ఎక్కడినుంచో ఒక కుర్రవాణ్ని తీసుకొచ్చాడు. అతను బోర్డు విప్పి, టార్చిలైటు నోట కరచుకుని, పది నిమిషాల్లో ఇల్లంతా వెలిగించేశాడు. "ఈ స్విచ్చి పాడైపోయిందమ్మా, అదే ఊరికే పడిపోతోంది. దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేశాను" అన్నాడు. అడిగినంత ఇచ్చి, పైగా వేడివేడి కాఫీ కూడా ఇచ్చి పంపాను. దేవుడిలా వచ్చాడనుకున్నాను.

పది రోజులు గడిచాయి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి వెనక బాల్కనీలో తడికాళ్లతో నిలబడి, బట్టలు తీద్దామని వాషింగ్‌మిషను మీద చెయ్యి వేసింది. కెవ్వున అరిచి వెనక్కి పడింది. పడటమే మంచిదయింది, చెయ్యి విడిపోయింది. గోడకి తల తగిలి నెత్తురు వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి మాట లేదు, చూపు లేదు. ఆసుపత్రిలో ఒక రాత్రి వుంచారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఆమె. ఆ రాత్రి ఆ పిల్లలిద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు. నాకు మాత్రం కన్ను మూతపడలేదు.

మర్నాడు మా చెల్లెలు చెబితే ఓ పెద్ద మేస్త్రీ గారు వచ్చారు. బోర్డు విప్పి చూసి, "అమ్మా, ఇది పాడైన స్విచ్చి కాదు. మీ ఇంటికి కాపలా కుక్క. దొంగ వచ్చాడని మొరిగితే, గోలగా వుందని దాని నోరు కట్టేశారు" అన్నారు. అప్పుడు బోధపడింది నాకు.

విషయం ఏమిటంటే, మన బోర్డులో రెండు రకాల స్విచ్చిలుంటాయి. ఎం.సి.బి. అనేవి చిన్నవి, వరసగా వుంటాయి. తీగ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, రెండు తీగలు కలిసిపోయినా అవి పడిపోతాయి. అవి కాపాడేది తీగల్ని, ఇంటిని. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే ఇంకోటి. దాని మీద 'టి' అనే అక్షరంతో చిన్న బొత్తం వుంటుంది. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి వస్తోందా, లేక దారిలో ఎక్కడైనా భూమిలోకి కారిపోతోందా అని అది కనిపెట్టి చూస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. 100 వాట్ల బల్బు తీసుకునే కరెంటు సుమారు 430 మిల్లీ ఆంపియర్లు. అంటే అందులో పద్నాలుగో వంతు కారినా కన్ను మూసి తెరిచేలోగా ఆపేస్తుందన్నమాట. ఆ రాత్రి వానజల్లు పడి మా మిషనులో కరెంటు కారుతోంది. ఎర్తు తీగ ద్వారా అది భూమిలోకి పోతుంటే ఆ స్విచ్చి పట్టుకుంది, పడిపోయింది. మేము దాన్ని తప్పించేశాం. మా సముద్రపు వూళ్ల ఉప్పుగాలికి తుప్పుపట్టి కొనవూపిరితో వున్న ఆ ఎర్తు తీగ కూడా తరవాత వూడిపోయింది. ఇంక ఆ కరెంటు వెళ్లటానికి మిగిలిన దారి, ఎవరో ఒకరి చెయ్యి.

అందుచేత మొదటి మాట ఇది. స్విచ్చి మాటిమాటికీ పడిపోతూంటే తప్పు స్విచ్చిది కాకపోవచ్చు. "డైరెక్టు ఇచ్చేస్తానమ్మా" అనేవాణ్ని మాత్రం ఒప్పుకోకండి. ఫ్యూజులో సన్నతీగకి బదులు లావుపాటి రాగితీగ చుట్టేవాడూ అలాంటివాడే. దానికన్నా ఒక రాత్రి చీకట్లో కూర్చోవటం నయం.

మరి కరెంటు పోయినప్పుడు ముందు ఏం చూడాలి? పోయింది మన ఇంట్లోనేనా, వీధంతానా అని చూడండి. వీధంతా పోతే, స్తంభం మీద మంటలు వస్తే, తీగ తెగి పడితే అది కరెంటు ఆఫీసు వాళ్ల పని. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 1912 నంబరుకి ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. బిల్లు మీద వుండే సర్వీసు నంబరు అడుగుతారు కనుక దాన్ని ఎక్కడైనా రాసి వుంచుకోండి. మీటరు దాకా వాళ్ల బాధ్యత, మీటరు దాటిన తరవాత మనది. మనవైపు వచ్చిన తప్పుకే మనం పనివాణ్ని వెతుక్కోవాలి.

కొన్ని సంగతులు మాత్రం తెల్లారేదాకా ఆగేవి కావు. బోర్డులోంచి చిటపట చప్పుడు, కాలిన వాసన, ముట్టుకుంటే వేడెక్కిన ప్లగ్గు, గోడ ముట్టుకుంటే జివ్వుమనటం ఇలాంటివి. కొన్ని దీపాలు మరీ ఎక్కువగా వెలిగి, కొన్ని మసకబారినా ప్రమాదమే. న్యూట్రలు తీగ వదులైతే అలా జరుగుతుంది, ఫ్రిజ్జీ టీవీ అన్నీ కాలిపోతాయి. ఇవి కనిపిస్తే ముందు మెయిను ఆపెయ్యండి. ఇన్వర్టరు వున్నవాళ్లు దాన్ని కూడా ఆపాలి. మెయిను ఆపినా ఇన్వర్టరు నుంచి తీగల్లోకి కరెంటు వస్తూనే వుంటుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు. మంట వస్తే నీళ్లు పొయ్యకండి. మెయిను ఆపి, పొడి ఇసక చల్లండి, 101కి ఫోను చెయ్యండి. ఎవరికైనా షాకు తగిలి అతుక్కుపోతే, ఎంత కావలసినవాళ్లయినా వట్టిచేతులతో పట్టుకోకండి. మెయిను ఆపాలి. అది వీలుకాకపోతే పొడి కర్రతో విడదీసి, 108కి ఫోను చెయ్యాలి.

ఇక పనివాణ్ని వెతకటం. ఆ పని చీకటి పడ్డాక చెయ్యకూడదు, వెలుతురు వున్నప్పుడే చెయ్యాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా వూరి మీద పడినప్పుడు, కరెంటు తిరిగి వచ్చాక వూరంతా ఒకేసారి ఎలక్ట్రీషియన్ల కోసం పరుగులు పెట్టింది. ముందునుంచీ పరిచయం వున్న ఇంటికే వాళ్లు ముందు వెళ్లారు. అందులో వింతేముంది?

మీ వీధిలో పదేళ్లుగా వుంటున్నవాళ్లని అడగండి. కరెంటు సామాన్లు అమ్మే దుకాణం ఆయన్ని అడగండి. ఎవరు మంచి తీగ కొంటారో, ఎవరు చవకరకం అడుగుతారో ఆయనకి బాగా తెలుసు. తరవాత ఆ మనిషిని ఏదో చిన్న పనికి పిలవండి. ఫ్యాను రెగ్యులేటరు మార్చటమో, కాలింగ్‌బెల్లు బాగుచెయ్యటమో. బియ్యం వుడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలియదూ? ఇదీ అంతే. మెయిను ఆపి పని మొదలుపెట్టాడా? ఆపాక కూడా టెస్టరు పెట్టి చూశాడా? అతుకు మీద సరిగా టేపు చుట్టాడా? విప్పిన మూత మరలన్నీ మళ్లీ బిగించాడా? ఈ నాలుగూ చూస్తే చాలు, ఆ మనిషి ఎలాంటివాడో మనకి తెలిసిపోతుంది.

ఎక్కడ నేర్చుకున్నావు నాయనా అని అడగటానికి మొహమాటం వద్దు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు చదవాలి. విద్యుత్ లైసెన్సింగు బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్టు కూడా వుంటుంది. ఇల్లంతా వైరింగు మార్పించేటప్పుడు మాత్రం లైసెన్సు వున్న కాంట్రాక్టరుకే ఇవ్వండి. కాగితం వున్న ప్రతివాడూ పనిమంతుడు కాడు, నిజమే. కాని కాగితమూ లేక, తెలిసినవాళ్లూ లేక, రాత్రిపూట వచ్చినవాణ్ని నమ్మటం కన్నా అది మేలు.

ఇలా ఇద్దర్ని ఎంచుకోండి. ఒకరు వూళ్లో లేకపోతే రెండోవారు. వాళ్ల నంబర్లు సెల్‌ఫోనులో వుంటే సరిపోదు. ఆ వేళకి దాన్లో ఛార్జింగు వుండకపోవచ్చు. కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. అత్తగారికీ పిల్లలకీ కూడా కనిపిస్తుంది.

ఫోను చేసినప్పుడు "కరెంటు పోయింది, రండి" అంటే చాలదు. డాక్టరుకి జబ్బు చెప్పినట్లు చెప్పాలి. పోయింది ఇల్లంతానా, ఒక గదిలోనా? పోయేముందు ఏం వేశారు? వాసన వచ్చిందా? పడిన స్విచ్చి ఏది? అలా చెబితే కావలసిన సామాను ఆయన వెంట తెచ్చుకుంటారు. ఉదాహరణకి 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దాన్ని చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గుకి తగిలిస్తే కాలకేం చేస్తుంది? "గీజరు వేశాకే పోయింది" అన్న ఒక్క మాటతో ఆయన పని సగం తేలికవుతుంది. వచ్చి చూసినందుకు ఎంత, సామానుకి వేరేనా అని అప్పుడే అడిగెయ్యండి. రాత్రిపూట కొంచెం ఎక్కువ అడగటం న్యాయమే, వాళ్లకీ ఇల్లూ పిల్లలూ వుంటారు కదా.

మనిషి గుమ్మంలోకి రాకుండా డబ్బు మాత్రం పంపకండి. ఫోనుకి వచ్చిన ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి. నాలాగ మోసపోతే సిగ్గుపడి వూరుకోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఆలస్యం అయినకొద్దీ డబ్బు దొరకటం కష్టం. ఇంట్లో ఒంటరిగా వుంటే పక్కింటి పిన్నిగారినో, అక్కయ్యగారినో వచ్చి కూర్చోమనండి, వీధితలుపు తీసి వుంచండి.

పని జరుగుతున్నప్పుడు వంటింట్లోకి వెళ్లిపోకండి. నాకేం తెలుస్తుందిలే అనుకోకండి. ఏమిటి తప్పు, ఎందుకొచ్చింది, ఏం మార్చారు అని మూడు ప్రశ్నలు అడగండి. పని తెలిసినవాడు విసుక్కోడు, సంతోషంగా చెబుతాడు. తీసేసిన పాత సామాను చూపించమనండి. కొత్తదాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు వుందేమో చూడండి. ఎర్తు తీగది ఆకుపచ్చ రంగు. అది ప్లగ్గులో బిగించి వుందా, వూరికే వదిలేశారా అని ప్రత్యేకంగా అడగండి. సామానుకెంత, కూలికెంత అని విడివిడిగా చీటీ రాయించుకోండి. చివరగా ఆ 'టి' బొత్తం నొక్కించండి. స్విచ్చి టక్కున పడితేనే కాపలా వున్నట్టు. పడకపోతే అది మార్పించవలసిందే. ఆ బొత్తం నెలకోసారి మనమే నొక్కి చూసుకోవచ్చు. దానికి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు.

ఇవన్నీ తెలిసి వుంటే ఆ రాత్రి నేనేం చేసేదాన్ని? గోడ మీది నంబరు చూసి మేస్త్రీ గారికి చేసేదాన్ని. రాలేనంటే, మెయిను ఆపేసి, అత్తయ్యగారికి విసనకర్రతో విసురుతూ తెల్లవార్లూ కూర్చునేదాన్ని. అంతకన్నా పోయేదేమీ లేదు. ఒక రాత్రి చీకటికి భయపడి, ఇద్దరు పిల్లలకి తల్లి లేకుండా చేయబోయాను.

ఆ అమ్మాయి వారం తరవాత మళ్లీ పనిలోకి వచ్చింది. నన్నొక్క మాట అనలేదు. కాని మిషను బాగుచేయించాం, ఎర్తు వేయించాం అని ఎంత చెప్పినా కొన్నాళ్లపాటు దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు మేస్త్రీ గారు ఆమెని బోర్డు దగ్గరికి పిలిచి, ఆ బొత్తం ఆమె చేతనే నొక్కించి చూపించారు. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున జీతం తీసుకోకముందే, "అమ్మగారూ, బొత్తం నొక్కారా?" అని అడుగుతుంది. నేను మరిచిపోతే తనే స్టూలు వేసుకుని నొక్కుతుంది.

మీరూ ఈ మాటలు విని వూరుకోకుండా, ఈ సాయంత్రమే మీ బోర్డు తలుపు తీసి చూడండి. ఆ బొత్తం వుందో లేదో చూడండి. లేకపోతే మంచి మేస్త్రీని వెతకటానికి అదే మొదటి పని.