వ్యాపారపు ల్యాప్‌టాపు - సరసమైన బేరము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణములో మనమందరము చెవి రిక్కించి వినేది రెండే అంకెలు: మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత. ఆదాయము మన చేతిలో అంతగా లేదు. వానదేవుడు, బజారు ధర, గిరాకీ ఇవన్నీ కలిసిరావలెను. వ్యయము మాత్రము కొంతవరకైనా మన చేతిలోనిది. ఆ వ్యయములో ఈ రోజులలో దాదాపు ప్రతి ఇంటికీ వచ్చిపడిన ఒక పెద్ద పద్దును గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాము. అది వ్యాపారమునకు వాడే ల్యాప్‌టాపు. మన పనికి తగినట్లు చెప్పి చేయించుకొన్నదానిని సరసమైన ధరకు తెచ్చుకొనుట ఎట్లా అన్నదే నేటి విషయము.

మనలో అనేకులు పావగడ తాలూకా నిడుగల్లు ప్రాంతమువారు. తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాలో చేరినది. చాలమట్టుకు చుట్టూ ఉన్నది ఆంధ్రదేశము. బడిలో కన్నడము, ఇంట తెలుగు. 'నిడు' అంటే పొడుగు, 'కల్లు' అంటే రాయి. ఆ కొండదుర్గమును రాజధానిగా చేసుకొని 12, 13 శతాబ్దములలో నిడుగల్లు చోళులు ఏలినారు. కరికాలచోళుని వంశమువారమని వారు చెప్పుకొన్నారు. రాజులు పోయినారు, కొండ మిగిలినది. ఆ కొండ క్రింద మన పెద్దలు వేరుశనగ పండించి, అప్పు చేసి, పిల్లలను చదివించి బెంగుళూరు పంపినారు. ఆ పిల్లలలో కొందరు ఇప్పుడు తిరిగి ఊరివైపు చూస్తున్నారు. ఒకడు ఎరువుల అంగడి పెట్టినాడు. ఒకతె నలుగురు వర్తకులకు జి.ఎస్.టి. లెక్కలు వ్రాసిపెడుతున్నది. ఇంకొకడు కాంట్రాక్టు పనులు పట్టుతున్నాడు. వీరందరికీ ల్యాప్‌టాపు నాగలివంటిది.

దాని ధర ఎంత బరువో ఒక కొలతతో చెప్పుతాము. మన తాలూకాలోనే నాగలమడికె హోబళిలో సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్ పార్కు వెలసినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్లకు చేరినది. భూములిచ్చిన రైతులకు మొదట నిర్ణయించిన కౌలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. ల్యాప్‌టాపు ధర 84,000 అనుకొంటే, ఆ మొదటి లెక్కన అది నాలుగు ఎకరాల ఏడాది కౌలు. అంత సొమ్మును ఒక్క మధ్యాహ్నములో, అంగడివాడు చెప్పిన మాటమీద చెల్లించివేయుట న్యాయమేనా? సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాము, నడిపించి చూస్తాము, కాడికి కట్టి చూస్తాము. ఇక్కడ మాత్రము మూత తెరచి, వెలుగు చూచి డబ్బిస్తాము!

మొదటి సంగతి: ఇంటి ల్యాప్‌టాపు వేరు, వ్యాపారపు ల్యాప్‌టాపు వేరు. ఐ.బి.ఎం. వారు 1992లో థింక్‌ప్యాడ్‌ను తెచ్చినారు. 2005లో ఆ వ్యాపారమును లెనోవో వారు కొన్నారు. హెచ్.పి. వారికి ఎలైట్‌బుక్, ప్రోబుక్ ఉన్నవి. డెల్ వారికి లాటిట్యూడ్ ఉండెను; 2025 నుండి కొత్తవాటికి డెల్ ప్రో అని పేరు పెట్టినారు. ఇవి చూపునకు సాదాగా ఉండవచ్చును. కాని విప్పి బాగుచేయుటకు అనువుగా కట్టినవి. విడిభాగములు ఎక్కువ ఏండ్లు దొరకుతవి. మనిషి మన చోటికే వచ్చి బాగుచేసే పూచీ తీసుకొనవచ్చును. అదే ధరకు ఇంటిరకములో మెరుపు ఎక్కువ, మన్నిక తక్కువ కావచ్చును. మెరుపునకు కాదు, మన్నికకు డబ్బిచ్చుట వర్తకుని ధర్మము.

రెండవ సంగతి: చెప్పి చేయించుకొనుట. 1984లో అమెరికాలోని ఆస్టిన్ నగరములో మైకేల్ డెల్ అనే విద్యార్థి, కొనేవాడు కోరినట్లు కంప్యూటరు కూర్చి నేరుగా అమ్మే పద్ధతితో వ్యాపారము మొదలుపెట్టినాడు. అది దర్జీకి కొలతలిచ్చి చొక్కా కుట్టించుకొనుటవంటిది. నేడు పెద్ద కంపెనీలు చాల రకములలో ఈ వీలు కల్పిస్తున్నవి. అయితే కొలతలిచ్చేవాడికి తన కొలత తెలియవలెను.

ఇందులో ఒక్క సూత్రము గుర్తుంచుకొంటే చాలును. తరువాత మార్చుకొనలేనిదానిని మొదటనే మంచిది వేయించుకొనవలెను. తరువాత మార్చుకొనగలదానిని అవసరమునకు మించి వేయించుకొనరాదు. ప్రాసెసరు తరువాత మారదు. తెరను మార్చుట ఖర్చుతో కూడిన పని. కీబోర్డు వెలుగు, సిమ్ వేసుకొనే ఏర్పాటు కూడ మొదటనే చూచుకొనవలసినవి. ర్యామ్, ఎస్.ఎస్.డి. అనేవి చాల రకములలో తరువాత వేసుకొనవచ్చును. వీటికి కంపెనీ ఆర్డరులోనే కలిపితే తరచు బయటి అంగడి ధరకంటె ఎక్కువ పడుతుంది. కాని జాగ్రత్త! కొన్ని రకములలో ర్యామ్‌ను బోర్డుకే అతికించివేస్తారు. అప్పుడు అది మార్చుకొనలేని వాటిలోకి చేరుతుంది. కంపెనీవారు ప్రతి రకమునకూ సాంకేతిక వివరాల పత్రము ప్రకటిస్తారు. ర్యామ్‌కు ఎన్ని గాళ్ళున్నవో అందులో ఉంటుంది. ఇంకొక మాట. 2025 చివర ర్యామ్ ధరలు బాగా పెరిగినవి. కృత్రిమమేధ కేంద్రములకు అవి పెద్ద ఎత్తున పోవుట ముఖ్యకారణము. కనుక కొనే రోజున రెండు ధరలూ కాగితముమీద పెట్టి పోల్చుకొనవలెను. పాత లెక్క నమ్మరాదు.

మూడవ సంగతి: ధర అడిగే పద్ధతి. మనకు కావలసిన అంగములన్నీ ఒక కాగితముమీద వ్రాసుకొని, అదే కాగితమును మూడు చోట్ల చూపవలెను. ఒకటి కంపెనీవారి సొంత వెబ్‌సైటు. అందులో చిన్న వ్యాపారులకు వేరే విభాగముంటే అక్కడ జి.ఎస్.టి. సంఖ్య ఇచ్చి చూడవలెను. రెండవది కంపెనీ నియమించిన వ్యాపారపు డీలరు. మూడవది బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, అనగా సదర్ పట్రప్ప రోడ్డు. హైదరాబాదు వైపువారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉన్నది. ముగ్గురినీ వ్రాతమూలకముగా ధర అడగవలెను. వస్తువు ధర వేరు, పన్ను వేరు, పూచీకాలము వేరుగా చూపించమనవలెను. నోటిమాట ధరకు విలువ లేదు. మూడు కాగితములు చేతిలో ఉన్నవానికి బేరమాడే అవసరమే తక్కువ, కాగితములే మాట్లాడుతవి.

ఎప్పుడు అడగవలెనన్నది కూడ ముఖ్యము. అమ్మేవారికి మూడు నెలలకొకసారి లెక్క తేల్చవలసిన ఒత్తిడి ఉంటుంది. లెనోవో వారి సంవత్సరము మార్చి 31తో, హెచ్.పి. వారిది అక్టోబరు 31తో, డెల్ వారిది జనవరి చివర ప్రాంతములో ముగుస్తుంది. ఆ చివరి వారములలో అడిగినవానికి, మామూలు రోజులలో దొరకని తగ్గింపు దొరకవచ్చును. కొత్త ప్రాసెసరు వచ్చిన తరువాత నిరుటి రకము ధర తగ్గుట కూడ సహజము. లెక్కలు, ఉత్తరములు, బిల్లులు వ్రాసుకొనే మన పనికి నిరుటిది ఎంతమాత్రము తక్కువ కాదు.

ఎక్కువ సంఖ్యలో కొనేవారికి డీలరు కంపెనీని అడిగి ప్రత్యేక ధర తెప్పించగలడు. ఒక్కడు పోతే గిరాకీ. పదిమంది కలిసిపోతే వ్యాపారము. మన సంఘములో ఈ ఏడు కొనదలచినవారందరూ పేర్లిస్తే, ఒకే రకము, ఒకే ఆర్డరు కింద అడగవచ్చును. బిల్లులు మాత్రము ఎవరిపేర వారికి ఉండవలెను.

నాల్గవ సంగతి: పన్ను. ల్యాప్‌టాపు మీద జి.ఎస్.టి. నూటికి 18. వస్తువు ధర 70,000 అయితే పన్ను 12,600, మొత్తము 82,600. జి.ఎస్.టి.లో మామూలు పద్ధతిన నమోదైన వర్తకుడు, వ్యాపారమునకే వాడేటట్లయితే, ఆ 12,600ను తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. అతనికి అసలు ఖర్చు 70,000. అయితే బిల్లుమీద అతని వ్యాపారపు పేరు, జి.ఎస్.టి. సంఖ్య ఉండితీరవలెను. కాంపొజిషన్ పథకములో ఉన్నవారికి ఈ వీలు లేదు. ఇక అంగడివాడు, "బిల్లు వద్దంటే కొంచెం తగ్గిస్తానన్నా!" అంటే, ఆ తగ్గింపు మన జేబులోనిదే అని తెలుసుకొనవలెను. పన్ను లాభము పోతుంది, రేపు వస్తువు చెడితే అడిగే హక్కుకు ఆధారము పోతుంది.

ఆదాయపు పన్నుకు లెక్కలు వ్రాసేవారు కంప్యూటరుమీద నూటికి 40 చొప్పున తరుగుదల చూపవచ్చును. ఆ ఏడాదిలో 180 రోజులకంటె తక్కువ వాడితే అందులో సగమే. 70,000 మీద మొదటి లెక్కన 28,000. రెండవ లెక్కన 14,000. ఏప్రిల్‌లో కొని వాడుకలో పెట్టినవానికి పూర్తి తరుగుదల. అక్టోబరు మొదటి వారము దాటించినవానికి ఆ ఏటికి సగము. మార్చి ధర బాగున్నదా, ఏప్రిల్ తరుగుదల బాగున్నదా అన్నది మీ ఆడిటరుగారితో కూర్చొని తేల్చుకొనవలెను.

వాయిదాలమీద 'వడ్డీ లేదు' అనే ప్రకటనను కూడ ఒకసారి తిప్పి చూడవలెను. సున్న వడ్డీ అనేది నిజానికి లేదని రిజర్వు బ్యాంకువారు 2013లోనే స్పష్టము చేసినారు. రొక్కము ఇచ్చేవానికి వచ్చే తగ్గింపు వాయిదాదారునికి రాకపోతే అదే వడ్డీ. పైగా బ్యాంకు రుసుము, దానిమీద జి.ఎస్.టి. ఉండవచ్చును.

అయిదవ సంగతి: పరదేశములోని బంధువులు. "అమెరికాలో చవకంట చిన్నాయనా, వచ్చేటప్పుడు ఒకటి తీసుకొని రా" అని ఉత్తరము వ్రాయని ఇల్లు లేదు. 18 ఏండ్లు నిండిన ప్రయాణికుడు తనతో ఒక ల్యాప్‌టాపును సుంకము లేకుండ తేవచ్చును. కాని అక్కడ చూపే ధరకు చాల రాష్ట్రములలో రాష్ట్రపు పన్ను తరువాత కలుస్తుంది. ఆ పూచీ ఇండియాలో చెల్లుతుందా అని ముందే కంపెనీని అడిగి, జవాబు వ్రాతలో పెట్టుకొనవలెను. ఇక్కడి జి.ఎస్.టి. లాభము దానికి రాదు. ఈ మూడూ లెక్క వేసిన తరువాత కూడ చవక అయితే తెప్పించుకోండి.

ఆరవది, చేతిలో సొమ్ము తక్కువున్నవారికి. పెద్ద ఆఫీసులు కొన్నేండ్లు వాడి వదిలిన వ్యాపారపు ల్యాప్‌టాపులను బాగుచేసి అమ్ముతారు. మంచివే ఉంటవి. కాని విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కనుక విండోస్ 11 నడిచేదే కొనవలెను. ఇంటెల్‌లో సాధారణముగా ఎనిమిదవ తరము, ఆపైవి. సంఖ్యను కంపెనీ వెబ్‌సైటులో సరిచూడవలెను. పాత ఆఫీసువారి తాళపుమాట లోపల మిగిలిపోలేదు కదా అని తెరిపించి చూడవలెను. బ్యాటరీ ఎంత అరిగినదో అడగవలెను.

చివరిది, అన్నిటికంటె మాకు ముఖ్యముగా తోచినది. ధర అంతా తేలిన తరువాత డీలరును ఒక్క మాట అడుగు నాయనా: "ఇది చెడితే నిడుగల్లుకు ఎవరు వస్తారు?" చోటికే వచ్చి బాగుచేసే పూచీ అన్నప్పుడు, మీ ఊరి పిన్‌కోడు అందులో ఉన్నదా అని చూపించుకొనవలెను. లేకపోతే ల్యాప్‌టాపు సంచిలో పెట్టుకొని బస్సెక్కి సుమారు 150 కిలోమీటర్లు బెంగుళూరుకు పోవలెను. రిటర్నులు దాఖలు చేయవలసిన రోజులలో ఆ రెండు రోజులు అంగడి మూసినట్లే. నాలుగు వేలు ఎక్కువైనా ఇంటికి వచ్చే పూచీ ఉన్నదే ఊరిలో ఉండేవానికి చవక. బెంగుళూరులోనే ఉండేవానికి ఆ లెక్క వేరు. చవక అన్నది బిల్లుమీది అంకె కాదు; వాడినన్ని ఏండ్లకు పంచి చూచినప్పుడు వచ్చేదే అసలు అంకె.

ఊరిలో నిలబడి బ్రతకవలెనని చూచే పిల్లలకు మనమిచ్చే సాయము చందాలతోనే కానక్కరలేదు. వారితోబాటు అంగడికి పోవుట, కాగితము చదివిపెట్టుట, పదిమంది ఆర్డరులో వారి పేరు చేర్చుట కూడ సాయమే. పట్నములో ఏండ్లుగా ఉన్న మనకు తెలిసిన ఈ చిన్న సంగతి, ఊరినుండి మొదటిసారి బస్సు దిగినవానికి తెలియదు. ఈ ఏడు కొనదలచినవారు కావలసిన వివరములు ఒక కాగితముమీద వ్రాసి సంఘము కార్యదర్శిగారికి ఇవ్వవలెనని కోరుతున్నాము.

అందరికీ ఈ ఏట ఆదాయము పెరిగి, వ్యయము అదుపులో ఉండవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము. నమస్కారము.