పాకెట్ మీద ఏం రాయాల?

(సమాఖ్య వార్షిక మహాసభలో మార్కెటింగ్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. మేము మాట్లాడబోయేది అమ్మకాల గురించి. మన సంఘాల్లో శెనక్కాయ చిక్కీలు చేసేవాళ్లున్నారు. ఊరుబిండి పొడి కొట్టేవాళ్లు, కొర్రలు, సామలు పొట్టు తీయించి పాకెట్ చేసేవాళ్లు, గానుగ నూనె ఆడించేవాళ్లు ఉన్నారు. మిషన్లకు తెచ్చుకున్న అప్పు కంతు మాత్రం నెల నెలా వస్తూనే ఉంటుంది. పాకెట్లు కదలకపోతే చివరకు ఏం చేస్తాం? సరుకును మూటగట్టి టౌనులో అంగడికి వేస్తాం. అంగడి ఆయన అదే సరుకును తన పేరు అచ్చేసిన కవర్లో పోసి, రేటు పెంచి అమ్ముకుంటాడు. మన చేతి సరుకు మీద ఎవరి పేరుండాల అనేదే ఈరోజు మాట.

ఈసారి ప్రదర్శనకు పోయినప్పుడు చుట్టూ ఉన్న స్టాళ్లలో పాకెట్లు తీసుకొని చదవండి. 'స్వచ్ఛమైనది, రుచికరమైనది, నాణ్యమైనది.' చిక్కీ మీద అదే, పసుపు మీద అదే, ఫినాయిలు సీసా మీద కూడా ఇంచుమించు అదే! ప్రింటింగు ప్రెస్సు కంప్యూటర్లో ఉండే నవ్వు మొకం బొమ్మ కూడా అన్నిటి మీదా ఒకటే. కొనేవాళ్లు ఆ మాటలు చదవరు. చదవని మాటలకు మనం సిరా ఖర్చు పెడుతున్నాం.

అదే మన అక్క ఒకామె బస్టాండులో గంప దించుకొని శెనక్కాయలు అమ్మేటప్పుడు వినండి. "ఇసుకలో వేయించినేవి, ఇంకా వేడి పోలేదు చూడు, ఒకటి పగలగొట్టి తిను నాయనా" అంటుంది. ఇసుక, వేడి, పగలగొట్టడం, తినడం. ఒక్క ముక్కలో ఎంత సరుకుందో చూడండి. మాట మన నోట్లో ఉంది. కాగితం దగ్గరికి వచ్చేసరికి అది గవర్నమెంటు అర్జీ లాగా బిగుసుకుపోతాంది. అందుకే మా ఉపసంఘం చెప్పే పద్ధతి ఇది: పొయ్యి దగ్గర అందరూ కూర్చోండి. ఒకరు పని చేస్తుంటే మిగతావాళ్లు ఏం జరుగుతాందో నోటితో చెప్పాల. బుక్‌కీపరు ఆ మాటలను దిద్దకుండా రాసుకోవాల. బాగా రాయాలని చూడొద్దు.

రాతకు కల్పన కావాలంటారు. లేని గుణం సరుకుకు తగిలించడానికి కాదు, మనం ఎన్నడూ చూడని వంటిల్లు కంటికి కనపడడానికి అది కావాల. బెంగళూరులో ఒక ఆడకూతురు ఉందనుకోండి. పొద్దున ఏడింటికి ఆఫీసు బస్సు ఎక్కాల. మంచివంటున్నారు కదా అని కొర్రల పాకెట్ కొనుక్కుంది. ఇంటికి పోయినాక ఆ పాకెట్ అలమర్లో నెలంతా అట్లనే ఉంటుంది. ఎందుకు? ఆమెకు కొర్రలు వండడం రాదు. ఆ పాకెట్ ఖాళీ కాకపోతే రెండో పాకెట్ కొనదు. అట్లాంటప్పుడు 'పోషకాల గని' అని రాస్తే ఆమెకు ఏం పనికొస్తుంది? కొర్రల పాకెట్‌కు మేము రాసుకున్న మాటలు చదువుతాం:

"ఎర్రనేలలో వానకే పండిన కొర్రలు. రాత్రి నానేసి పెడితే పొద్దున తొందరగా ఉడుకుతాయి. గ్లాసు కొర్రలకు రెండున్నర గ్లాసుల నీళ్లు. పప్పులోకి, పులుసులోకి, పెరుగులోకి అన్నం లాగే తినండి. మిగిలితే పొద్దున పోపు పెట్టుకోండి."

గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ ఇది చదివిన మనిషికి కుక్కరు కనపడుతుంది, పొద్దున కనపడుతుంది. 'వానకే పండిన' అనే మాట కూడా ఊరికే పెట్టలేదు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి వాన పడమటి కనుమల అవతలే ఎక్కువ కురిసేస్తుంది, ఈశాన్యపు వాన మనదాకా వచ్చేసరికి సన్నబడిపోతుంది. 2022లో జిల్లా రెండైంది గానీ వాన మాత్రం ఎక్కువ కాలేదు. బోరు నీళ్లు పెట్టకుండా ఆ వానకే నిలబడిన గింజ అని చెప్పడం మన హక్కు. వేరే చోటి వాళ్లు ఈ మాట మన మాదిరి చెప్పుకోలేరు.

గానుగ నూనెది ఇంకో సంగతి. అడుగున మడ్డి చేరితే కల్తీ అనుకొని సీసా వాపసు తెచ్చేవాళ్లుంటారు. వాళ్లు అడగక ముందే మనం రాసేయాల: "గానుగ నూనె గనక అడుగున కొంచెం మడ్డి ఉంటుంది. సీసా కదపకుండా పైన తేటనూనె వంచుకోండి." లోపమనుకునేది ఈ ఒక్క మాటతో గుర్తు అయిపోతుంది. ఊరుబిండి పొడి మీద 'సంగటిలోకి' అని ఒక్కటే రాస్తే మన ఊళ్లలో చెల్లుతుంది. పట్నంలో దోసెలోకి, వేడన్నంలో నెయ్యి వేసుకొని అని కూడా రాయాల.

ఇక రాయకూడని వాటి గురించి. దీనికి కొంచెం ఎక్కువ టైము తీసుకుంటాం.

కొర్రలు, సామల మీద 'చక్కెర వ్యాధి నయం చేస్తుంది' అని రాయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి మేళాలో ఎదురవుతారు. అట్ల రాస్తే అమ్ముడుపోతుందని మనకూ తెలుసు. రాయొద్దు. ఫలానా జబ్బులను నయం చేస్తుందని ప్రకటన చేయడం నేరమని 1954 నుంచే చట్టం ఉంది. ఆ జబ్బుల పట్టీలో చక్కెర వ్యాధి కూడా ఉంది. ఆహార పదార్థాల మీద చెప్పే గొప్పలకు 2018లో ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. చట్టం సంగతి అట్లుంచినా, మన రాత నమ్మి ఎవరో ఒకామె మాత్రలు మానేసిందనుకోండి. ఆమె కూడా మన మాదిరి ఒక ఇంటిని నడిపే మనిషే కదా.

'ఆర్గానిక్' అనే మాట కూడా అంతే. మందు కొట్టకుండా పండించినామని మనకు తెలిసినా, 2017 నిబంధనల ప్రకారం ఆ మాట అచ్చేసి అమ్మాలంటే ధ్రువీకరణ ఉండాల. చిన్న రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకొనే పీజీఎస్ పద్ధతి ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ గురించి మీలో చాలామందికి తెలుసు. అక్కడి రైతులు 2008లో ధరణి సహకార సంఘం పెట్టుకొని, కొర్రలు, శెనక్కాయలు లాంటి పంటలను టింబక్టు ఆర్గానిక్ పేరుతో పట్నాల్లో అమ్ముతున్నారు. పేరు నిలబడాలంటే దాని వెనక చేలో ఎంత పని ఉంటుందో మన పక్కనే చూడొచ్చు.

మూడోది చెప్పడం మాకు కొంచెం కష్టంగా ఉంది. సరుకు కొనడానికి వచ్చిన ఒకాయన, పాకెట్ మీద అప్పుల బాధతో భర్త చనిపోయిన మన సభ్యురాలి ఫోటో వేయమన్నాడు. 'కరువు సీమ మహిళను ఆదుకోండి' అని రాయమన్నాడు. చూసినవాళ్ల మనసు కరుగుతుందంట. ఆ అక్కనే అడిగినాం. "నా చిక్కీ తిని బాగుందంటే కొనమను. నా బిడ్డ బడికి పోతాంది, ఆ పాకెట్ వాళ్ల క్లాసులో ఎవరి చేతికైనా వస్తే?" అనింది. ఆ ఆర్డరు పోయింది. పోయింది నష్టమే, లెక్కల్లో కనపడుతుంది కూడా. ఏ సభ్యురాలి ఫోటో అయినా, కథ అయినా ఆమె ఒప్పుకొని సంతకం చేయనిదే వాడకూడదని కార్యవర్గం తీర్మానం రాసుకుంది. దయతో కొన్నవాళ్లు ఒకసారి కొంటారని మా లెక్క. మీలో కొందరికి ఈ నిర్ణయం నచ్చలేదని తెలుసు, చర్చలో మాట్లాడండి.

రాత ఒక్కటే చాలదు, నలుగురినీ పిలవాల. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లను చూడండి. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. ఏటా సంక్రాంతి వేళకు ఎద్దుల బండ్లను అలంకరించి, పాత పంటల విత్తనాలు పెట్టుకొని, పాటలు పాడుకుంటూ ఊరూరా తిరుగుతారు. దాని పేరే పాత పంటల జాతర. 2008లో మాచునూరులో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అనింది గానీ, వాళ్లు ఆ మాట ఎన్నో ఏళ్ల ముందు నుంచే బండ్ల మీద ఊరేగిస్తున్నారు.

లిజ్జత్ పాపడ్ తెలియనివాళ్లు లేరు. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టినారు. టీవీలో ఆ అప్పడాలు అమ్మింది సినిమా తార కాదు, ఒక కుందేలు బొమ్మ. మాట్లాడే బొమ్మలాడించే రాందాస్ పాధ్యే చేతి పని అది. బొమ్మల విషయంలో మనకేం తక్కువ? ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాట పుట్టిల్లు లాంటి ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట చూసేవాళ్లు తగ్గినాక అక్కడి కుటుంబాలు అదే మేకతోలు మీద, అదే రంగులతో దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. పాత విద్యను కొత్త ఇంటికి పనికొచ్చేటట్టు మార్చుకున్నారు. మన స్టాలుకు ఫ్లెక్సీ బదులు రెండు తోలుబొమ్మలు, వెనక ఒక దీపం పెడితే ఎట్లుంటుంది? పిల్లలు ఆగుతారు, పిల్లల వెనక తల్లులు ఆగుతారు. ఒక షరతు. ఆ కళాకారులు అడిగిన కూలి బేరం లేకుండా ఇవ్వాల. మన సరుకుకు మనం కోరేది అదే కదా.

ఫోన్ల గురించి ఒక్క మాట. వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షల మాదిరి పూలబొమ్మల మధ్య మన సరుకు పెట్టొద్దు. పొయ్యి మీద పాకం తీగ సాగుతుంటే పది సెకన్లు వీడియో తీసి, మీ సొంత గొంతుతో రేటు చెప్పండి. అది చాలు.

పాకెట్ మీద తప్పకుండా ఉండాల్సినవి అందరికీ తెలిసినవే: తూకం, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాల, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నంబరు, ఆకుపచ్చ గుర్తు, సంఘం చిరునామా. ఇవి అచ్చయినాక మన మాటలకు మిగిలే చోటు అగ్గిపెట్టె అంత. అందుకని ఐదు వరుసలు మించొద్దు.

వచ్చే నెల గ్రామ సంఘం సమావేశానికి, సరుకు చేసే ప్రతి సంఘం తన ఐదు వరుసలు ఒక కాగితం మీద రాసి తెచ్చేది. చదువు రాని అక్కలు నోటితో చెప్తే బుక్‌కీపరు రాసిపెడుతుంది. ఆ కాగితాన్ని వేరే ఊరి సంఘం వాళ్లు గట్టిగా చదువుతారు. విన్నవాళ్లకు ఆ సరుకు తినాలనిపించిందా లేదా అని చేతులెత్తమంటాం. కవర్ల ఆర్డరు ఉగాదికి ముందే ప్రెస్సుకు ఇయ్యాల, ఆలస్యం చేయొద్దు. బయట బల్ల మీద ఈ ఏడాది చేసిన చిక్కీలు పెట్టినాం. పోయేటప్పుడు ఒకటి తిని, నోటికి ఏ మాట వస్తే అది అక్కడున్న పుస్తకంలో రాసి పోండి.