వ్యాయామమూ చికిత్సలో భాగమే
(శ్రీశైలం సమీపంలోని సున్నిపెంటలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కేన్సర్ వచ్చిన మనిషిని మంచం దిగనీయకపోవడమే ప్రేమ అని మన కుటుంబాలు భావిస్తున్నాయి. నేటి వైద్యశాస్త్రం ఇందుకు భిన్నంగా చెబుతున్నది. వ్యాధిని నయం చేసే చికిత్స సాగుతున్న కాలంలోనే నడక, కండరాలకు బలమిచ్చే వ్యాయామం సూచించాలని అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2022లో సిఫారసు చేసింది. వారానికి మూడు పర్యాయాలు, అరగంట చొప్పున చేసే వ్యాయామం నీరసాన్ని, ఆందోళనను తగ్గిస్తుంది. పెద్దపేగు కేన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ ముగిసిన 889 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మూడేళ్లు శిక్షకుల తోడ్పాటుతో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ల నాటికి 90 శాతం మంది జీవించి ఉన్నారు. ఆరోగ్య సూచనల పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో అది 83 శాతం.

ఒంటరిగా మొదలుపెట్టిన నడక నాలుగు రోజులకే ఆగిపోవచ్చు. పదిమంది కలిస్తే క్రమం నిలుస్తుంది. జుట్టు రాలిందని వీధిలోకి రావడానికి జంకే సోదరికి, తనలాంటివారి నడుమ ఆ జంకు తగ్గుతుంది. ఇంటిపని చేస్తున్నది కదా, ఇంకేం వ్యాయామమని అనకండి. ఇంటిపని అలుపునిస్తుంది, పద్ధతి ప్రకారం చేసే వ్యాయామం సత్తువనిస్తుంది.

ఇక్కడి నుండి కర్నూలు సుమారు 180 కిలోమీటర్లు. మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట హైదరాబాదులో వెలసిన కేన్సర్ ఆసుపత్రి అంతకన్నా దూరం. కీమోకే అప్పుచేసి బస్సెక్కే నిరుపేద, వ్యాయామం కోసం వారానికి మూడుసార్లు అంతదూరం వెళ్లగలడా? కనుక శిక్షణే మన ఊళ్లకు రావాలి. పర్దా పాటించే స్త్రీలకు ప్రత్యేక సమయం, మహిళా ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఇది దయాభిక్ష కాదు, పౌరులుగా మన హక్కు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్సతో పాటు ఈ శిక్షణనూ కల్పించాలని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు తప్పక తీసుకోండి.

మన వంతు పనీ ఉన్నది. పెళ్లిళ్లు లేని ఉదయాల్లో షాదీఖానాలను, సెలవుదినాల్లో ఉర్దూ పాఠశాలల ఆవరణలను ఇందుకు ఇప్పిద్దాం. అయితే చికిత్స చేసే డాక్టరు అనుమతి లేకుండా ఎవరినీ చేర్చరాదు. జ్వరం, తీవ్ర రక్తహీనత, ఎముకలకు పాకిన వ్యాధి ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మన దేహానికీ మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హక్కును నెరవేర్చుకునే చోటు మన రోగులకు మన బస్తీలోనే కల్పిద్దాం. అల్లాహ్ వారందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.