నొప్పి అని చెప్పలేని పిల్లల దంత సంరక్షణ



2018లో మాధవరం బస్ టెర్మినస్ ప్రారంభమైన తరువాత నెల్లూరు, తిరుపతి ప్రయాణాలు ఈ ప్రాంతపు తెలుగువారికి మరింత సులువయ్యాయి. దానితోపాటు ఒక పాత అలవాటు కూడా బలపడింది. పిల్లవాడి పన్ను పుచ్చితే "సెలవులకు ఊరికి పోయినప్పుడు చూపిద్దాంలే" అని వాయిదా వేయడం. మాటలు వచ్చిన పిల్లవాడైతే నొప్పి పుట్టిన రాత్రే ఇల్లంతా లేపుతాడు. వాయిదా అక్కడితో ముగుస్తుంది. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం గల పిల్లలలో చాలామంది ఆ మాట చెప్పలేరు. అన్నం ముద్దను తోసివేయడం, చెంప మీద కొట్టుకోవడం, చొక్కా కాలరు కొరకడం, తెల్లవార్లూ మేలుకొని ఉండడం, ఇవే వారు చెప్పగలిగిన మాటలు. ఇంటివారు దానిని మొండితనం అనుకుంటారు. కొత్తగా మొదలైన మొండితనం ఏదైనా సరే, ముందు నోరు తెరిచి చూడవలసి ఉంటుంది.

ఈ పిల్లల పళ్ళు పుట్టుకతోనే చెడ్డవన్న అభిప్రాయం చాలావరకు పొరపాటు. కొందరిలో ఎనామిల్ పలుచగా ఉండే మాట నిజమే. కాని చాలా సందర్భాలలో చేటు బయటి నుండి వస్తుంది. రోజూ రాత్రి పట్టించే సిరప్‌లలో చక్కెర ఉంటుంది. మెత్తగా కలిపిన అన్నం బుగ్గలో గంటల తరబడి నిలిచిపోతుంది. చెప్పిన పని చేసినందుకు బహుమతిగా ఇచ్చే చాక్లెట్, ప్రేమతో ఇచ్చినదే అయినా, పంటికి శత్రువే. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరిలో చిగుళ్ళు ఉబ్బి పళ్ళను కప్పివేస్తాయి. అలాగని మందును సొంతంగా మానరాదు. ఆ సంగతి మందు రాసిన వైద్యునికి, దంత వైద్యునికి ఇద్దరికీ తెలియజేయాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి పళ్ళు ఆలస్యంగా వస్తాయి. పుచ్చు కన్నా చిగుళ్ళ జబ్బే వారిని ఎక్కువగా బాధిస్తుంది. గుండె లోపం ఉన్నట్లయితే దంత వైద్యునికి అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట అదే. కొన్ని గుండె లోపాలకు చికిత్సకు ముందుగానే యాంటీబయాటిక్ ఇవ్వవలసి వస్తుంది.

పళ్ళు తోమడం ఈ ఇళ్ళలో రోజువారీ యుద్ధం. బాత్రూములో అద్దం ముందు నిలబెట్టి తోమించాలన్న నియమమేమీ లేదు. తల్లి చాప మీద కూర్చుని, బిడ్డ తలను ఒడిలో పెట్టుకొని, పై నుండి చూస్తూ తోమితే నోరంతా కనబడుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకైతే వెనుక నిలబడి, తలను పొట్టకు ఆనించుకుంటే సరిపోతుంది. చిన్న తల గల మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలి. 3 ఏళ్ళ లోపు బియ్యపు గింజంత, 3 నుండి 6 ఏళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. గరుకు పళ్ళపొడి వద్దు. పుదీనా ఘాటును మంటగా భావించే పిల్లలకు చప్పని రుచి గల పేస్టు ఎంచుకోవచ్చు. ఒకటి నుండి పది వరకు లెక్కపెట్టి, పదికి తప్పక ఆపాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన పిల్లవాడు ఓర్చుకుంటాడు. మాట తప్పి పన్నెండు వరకు పోతే మరునాడు నోరు తెరవడు. కరిచే అలవాటు ఉంటే పళ్ళ మధ్య వేలు పెట్టరాదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక ఉదయం తప్పినా రాత్రి తోమడం తప్పరాదు.

ఇక చికిత్స ఎక్కడన్నది. సెంట్రల్ స్టేషనుకు దగ్గరలో ఉన్న తమిళనాడు ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి మాధవరం నుండి ఒక పూటలో వెళ్ళి రాగల దూరమే. వైకల్య ధ్రువపత్రం ఆంధ్రలో తీసుకున్నది, ఇక్కడ పనికిరాదేమోనని సంకోచించేవారు ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా పథకం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది; అందులో దంత రక్షణకూ చోటుంది.

పుచ్చు అనగానే మత్తు ఇవ్వవలసిందేనని భయపడనవసరం లేదు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం పూస్తే చాలా పుచ్చులు అక్కడితో ఆగిపోతాయి. పుచ్చిన చోటు మాత్రం శాశ్వతంగా నల్లబడుతుంది. ఆ సంగతి ముందే తెలుసుకొని ఒప్పుకోవాలి.

ఇక్కడి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినది భాష సంగతి. ఇంట్లో ఇరవై ముప్పై మాటలు మాత్రమే అర్థమయ్యే బిడ్డకు అవన్నీ తెలుగు మాటలే. కుర్చీ మీద పడుకోబెట్టి వైద్యుడు "వాయ్ తిర" అన్నప్పుడు ఆ బిడ్డ నోరు తెరవకపోతే అది మొండితనం కాదు. "వలిక్కుదా?" అన్న ప్రశ్నకు జవాబు రాకపోతే నొప్పి లేదనీ కాదు. తమిళ "పల్లు", తెలుగు "పళ్ళు" చుట్టాలే గాని, "వలి"కీ "నొప్పి"కీ చుట్టరికం కనబడదు. కనుక బిడ్డకు తెలిసిన మాటలను, "నోరు తెరు", "అయిపోయింది", "ఆగు" వంటివాటిని, తమిళ లిపిలో ఒక కాగితం మీద రాయించి వైద్యునికి ఇవ్వాలి. ముందుగా ఫోను చేసి, జనం తక్కువగా ఉండే ఉదయపు వేళ అడగాలి. మొదటి రోజు కుర్చీ ఎక్కి దిగి రావడమే పని. ఇంటి బ్రష్‌ను వెంట తీసుకువెళ్ళి, వైద్యుని చేతికి ఇచ్చి, పది లెక్కపెట్టమని చెప్పాలి, తెలుగులోనే.