సరిహద్దు దాటే సైగ

(ధర్మపురి తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, హోసూరు దాటితే కన్నడం. ఇదీ మన బతుకు. భాష అందని చోట మనిషి ఎంత ఒంటరివాడవుతాడో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే వినికిడి లేని మన బిడ్డల తొలి విదేశ ప్రయాణం గురించి ఈ వేదికపై మాట్లాడదలచాను.

"మాట వినబడని పిల్లను దేశం కాని దేశానికి ఎట్లా పంపేది?" అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. ఆ భయం సహజమే. కాని భయం పేరిట బిడ్డకు వచ్చిన చదువునో, ఉద్యోగాన్నో, పోటీనో వదిలించడం న్యాయం కాదు. విదేశాలకు వెళ్ళే హక్కు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులోను, 1978లో మేనకా గాంధీ కేసులోను చెప్పింది. ఆ హక్కు చెవులు వినేవారికి మాత్రమే అని ఎక్కడా చెప్పలేదు.

వెళ్ళి గెలిచినవారు మన కళ్ళముందే ఉన్నారు. కర్నూలుకు చెందిన బధిర టెన్నిస్ క్రీడాకారిణి షేక్ జాఫ్రీన్, తమిళనాడుకు చెందిన పృథ్వీ శేఖర్‌తో జతకట్టి 2017లో టర్కీలోను, 2022లో బ్రెజిల్‌లోను బధిర ఒలింపిక్స్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం సాధించింది. హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ బ్రెజిల్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు.

ప్రయాణానికి కావలసిన సిద్ధత ఏమిటి? టికెట్టు కొనేటప్పుడే వినికిడి లేదన్న సంగతి విమాన సంస్థకు తెలపాలి. ఆ మాట వినగానే చక్రాల కుర్చీ తెచ్చే సిబ్బంది కూడా ఉంటారు. కుర్చీ వద్దు, రాసి చూపితే చాలు అని చెప్పే ఇంగ్లీషు చీటీ చేతిలో ఉండాలి. గేటు మార్పును మైకులో చెబుతారు కనుక బోర్డుపై చూపు నిలపాలి, గేటు వద్ద ఉన్న ఉద్యోగికి ముందే తెలియజేయాలి. బస చిరునామా, తిరుగు ప్రయాణపు తేదీ రాసిన కాగితం ఇమిగ్రేషన్ అధికారికి చూపాలి. హోటలులో తలుపు తట్టినా, అగ్నిప్రమాద గంట మోగినా వినబడదని చేరిన వెంటనే చెప్పాలి. వినికిడి యంత్రం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి.

ఇక అసలు విషయం. సైగలన్నీ లోకమంతటా ఒకటే అని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. అమెరికా, బ్రిటన్ రెండింటా ఇంగ్లీషే అయినా వారి సంజ్ఞా భాషలు వేరు. 1817లో హార్ట్‌ఫోర్డ్ బడిలో ఫ్రాన్సు నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లోరాఁ క్లెర్ బోధించడం వల్ల అమెరికన్ సంజ్ఞా భాష ఫ్రెంచి సంజ్ఞా భాషకే దగ్గర. అక్షరాలను అమెరికాలో ఒక చేతితో చూపితే, బ్రిటన్‌లో రెండు చేతులతో చూపుతారు. కనుక అక్కడికి వెళ్ళిన మన బిడ్డ కొత్త సైగలు నేర్చుకోవలసిందే. తెలుగు గట్టిగా వచ్చిన పిల్లవాడు తమిళాన్ని సులువుగా పట్టుకున్నట్లే, ఒక సంజ్ఞా భాష బాగా వచ్చిన బిడ్డ మరొకదానిని పట్టుకోగలదు. ఏ భాషా అందని బిడ్డకు ఆ ఆధారం ఎక్కడిది?

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. సంజ్ఞా భాషలతో సహా బధిరుల భాషా అస్తిత్వానికి గుర్తింపు దక్కాలని దాని 30వ అధికరణం చెబుతుంది. సంజ్ఞా భాషలో అర్హత గల ఉపాధ్యాయులను నియమించడం ప్రభుత్వాల బాధ్యతగా మన 2016 చట్టం పేర్కొంది. భారతీయ సంజ్ఞా భాషకు 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రం ఏర్పడింది.

తల్లిభాష కోసం అర్జీలు రాసిన మనమే "చేతులు ఊపకు, నోటితో చెప్పు" అని బిడ్డను గద్దిస్తే, సొంత ఇంట్లోనే ఆ బిడ్డను భాషా అల్పసంఖ్యాకురాలిని చేసినవారమవుతాము. పాస్‌పోర్టు తరువాత తీసుకోవచ్చు. ముందుగా తల్లి, తండ్రి, అవ్వ, తాత అందరూ ఆ బిడ్డతో సైగలలో మాట్లాడడం నేర్వండి. బడిలో సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయుని కోసం అర్జీ పెట్టండి. ఆ అర్జీ రాసి ఇచ్చే పని నాది.