ఇంటి లెక్క – ఓటు
ఇంట అప్పుపత్రమున్నవాఁడు దానిని మఱచి ఓటు వేయఁజాలఁడు. అందుకు మేము తప్పు పట్టము. 2018 మే 10న మన హుజూరాబాదుననే రైతుబంధు ఆరంభమయ్యెను. పంటకు ఎకరమునకు 4,000 రూపాయలు. కౌలుదారునకు మాత్రము అది అందలేదు. డిసెంబరులో తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానములలో 88 గెలిచెను. సొమ్మే గెలిపించెనని పలువురు తలంచిరి.

2021 ఆగస్టు 16న హుజూరాబాదుననే దళితబంధు ఆరంభించిరి. దళిత కుటుంబమునకు 10 లక్షలు. అక్టోబరు 30 నాఁటి ఉపయెన్నికలో, ఆ పక్షమును వీడిన ఈటల రాజేందరు 23,855 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను.

కావున సొమ్ము ఓటరు చెవిని తెరచును గాని చేతిని కట్టివేయఁజాలదు. ఆ ధనము ఏ పక్షపు పెట్టెలోనిదియుఁ గాదు, మన పన్నులది. దానిని హక్కుగా గైకొందము. ఓటును ఋణముగాఁ దీర్చుట మానుదము. కౌలుదారుని యింటి లెక్కను సయితము అడిగి మఱీ ఓటు వేయుదము.