భరణం ఎంతన్నది మారొచ్చు

విడాకులనాడు కోర్టు ఖరారు చేసిన భరణం శిలాశాసనం కాదు. మలేసియాలో మన తెలుగువాళ్లలాంటి ముస్లిమేతరులకు వర్తించేది 1976 నాటి వివాహ, విడాకుల చట్టం. ఉద్యోగం పోయినా, జబ్బుచేసినా, పిల్లల ఖర్చు పెరిగినా ఆ మొత్తాన్ని మార్చమని హైకోర్టును అడగవచ్చు. ఊరికే కష్టంగా ఉందంటే చాలదు. పని తీసేసిన ఉత్తరం, జీతం స్లిప్పులు, స్కూలు ఫీజు రసీదులు, మందుల బిల్లులు చూపించాలి.

దయచేసి చెప్పాపెట్టకుండా డబ్బు ఆపేయకండి. కొత్త ఉత్తర్వు వచ్చేదాకా పాతదే చెల్లుతుంది, బకాయి అప్పులాగే మెడకు చుట్టుకుంటుంది. అందుకోవలసిన తల్లులూ, మొహమాటపడి ఊరుకోకండి. మూడేళ్లు దాటిన బకాయి దావా వేసినా రాదు.

మాజీ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె భరణం ఆగుతుంది. పిల్లల పోషణ మాత్రం దాంతో ఆగిపోదు. ఇదివరకు అది మామూలుగా 18 ఏళ్లకే ముగిసేది. ఎంతమంది పిల్లల కాలేజీ చదువు అక్కడే చిక్కుకుపోయిందో! 2018 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో, పైచదువో శిక్షణో పూర్తయ్యేదాకా అది కొనసాగుతుంది.

లాయరు ఫీజు భరించలేనివారు ప్రభుత్వ న్యాయసహాయ శాఖ, జబాతాన్ బంతువాన్ గువామన్, కార్యాలయానికి వెళ్లండి. పాత కోర్టు ఉత్తర్వు నకలు వెంట తీసుకెళ్లండి.